ముందుగాల ఏం చేసిండ్రు

పోయిన వారం నా ల్యాప్‌టాప్ కొత్త సిస్టమ్ వేసుకుంటానంది. వేసుకోమన్నాను. గంటసేపు ఏవేవో కాపీ చేసుకుంది, తనంతట తనే ఆగి మళ్లీ మొదలైంది, ఆ మొదలవడంలోనే ఇరుక్కుపోయింది. నల్లటి తెర మధ్య ఒక బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది తప్ప ముందుకు కదలదు. కాసేపు చూశాను. తిట్టాను. మీట నొక్కి ఆపేసి మళ్లీ వేశాను. అదే బొమ్మ, అదే వెలగడం, అదే ఆరడం. చివరికి సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తే బోలెడంత సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. నా గోడంతా ఓపిగ్గా విని, "సార్, రీస్టార్ట్‌కు ముందు మీరు ఏమైనా చేశారా?" అని అడిగింది.

"ఏమీ చేయలేదమ్మా," అన్నాను.

నిజమే చెప్పాను. ఈసారి నేను నిజంగా ఏమీ చేయలేదు. అయినా ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి "సార్, లైన్లో ఉన్నారా?" అంటూ ఉండగానే ఫోన్ పెట్టేశాను. ఇదే ప్రశ్న నన్ను వేరే మనిషి వేరే గొంతుతో చాలాసార్లు అడిగాడు. ఆయనకు నేను సరైన జవాబు ఒక్కసారీ ఇవ్వలేదు.

ఆయన పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. ఆ పేరును ఒకసారి పాడు చేశాను, మళ్లీ వాడుకోవడానికి నాకు మొహం చెల్లదు. శాలిబండలో అందరూ ఘడీ భాయ్ అనేవాళ్లు. గడియారాలు బాగుచేసే మనిషి. చేతి గడియారం ఆగిపోతే కొత్తది కొనుక్కునే రోజులు వచ్చాక ఎక్కడో నేర్చుకుని కంప్యూటర్ల రిపేరులోకి దిగాడు. ఎక్కడ నేర్చుకున్నాడో, ఇంట్లో ఎంతమందో నాకు తెలియదు. నేను అడగలేదు. నా మిషను ఆగినప్పుడు మాత్రమే నాకు ఆయన గుర్తొచ్చేవాడు.

ఆయనతో వేగడం మాటలు కాదు. నాకు అన్నీ క్షణాల మీద జరగాలి, ఆయనకు ఏదీ క్షణాల మీద జరగకూడదు. నా దుకాణంలోకి రాగానే గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవాడు. నా గదిలో నేల మీద ఆయన చెప్పుల కంటే ఎక్కువ దుమ్ము ఉండేది, అయినా విప్పేవాడు. గడియారాల రోజుల నాటి భూతద్దం ఒకటి నుదుటి మీద నల్లదారంతో కట్టుకుని ఉండేది. కంప్యూటర్లో దానితో చూడాల్సినంత చిన్నవి ఏమున్నాయో నాకు అర్థమయ్యేది కాదు, ఆయన దాన్ని కంటి మీదకు దించగా నేనెప్పుడూ చూడలేదు. ముందు ఒక ఖాళీ సాసరు అడిగేవాడు. మిషను మూత విప్పుతూ ఒక్కో స్క్రూనూ సాసరు అంచున పెట్టేవాడు, ఎక్కడి స్క్రూ అక్కడే. పై కుడి మూలది ఒంటిగంట దగ్గర, కింది కుడి మూలది ఐదుగంటల దగ్గర. మళ్లీ బిగించేటప్పుడు చెయ్యి చాపి, "సాబ్, ఐదు గంటల స్క్రూ ఇయ్యుండ్రి" అనేవాడు. స్క్రూలు సాసర్లో ఉన్నంతసేపు చాయ్ ముట్టేవాడు కాదు. హోటల్ నుంచి తెప్పించిన చాయ్ ఎదురుగా చల్లారి మీగడ కట్టేది. అన్ని స్క్రూలూ మిషనులోకి వెళ్లాకే ఆ చల్లటి చాయ్ అదే సాసర్లో పోసుకుని తాగేవాడు.

ఇంకో పిచ్చి ఉండేది. మిషను రీస్టార్ట్ చేశాక చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు, మమ్మల్నీ అలాగే నిలబడమనేవాడు. "ఇగ అది పని చేసుకుంటది. మన చేతులు ముందట ఉంటే ఏదో ఒకటి ఒత్తుతయి," అనేవాడు. నలుగురం బడి పిల్లల్లా చేతులు వెనక్కి పెట్టుకుని తెర వైపు చూస్తూ నిలబడితే, సందులో పోయేవాళ్లు లోపల ఏదో సంతాప సభ జరుగుతోందనుకునేవాళ్లు. ఎంతకీ కదలకపోతే వంగి మిషనుకు చెవి ఆనించేవాడు. లోపల డిస్కు గరగరమంటే "నడుస్తున్నది, ఆగుండ్రి" అనేవాడు. చప్పుడు లేకపోతే లేచి నిలబడి, మొహంలోకి చూసి, అడిగేవాడు.

"ముందుగాల ఏం చేసిండ్రు?"

ఆ ప్రశ్న వేయకుండా ఆయన ఒక్క మిషనూ బాగుచేయలేదు. తెర మీద వచ్చే ఇంగ్లిషు హెచ్చరికలు చదివేవాడే కాదు. "గా రాతలు దాని నొప్పి సాబ్. రోగం కాదు. రోగం మీ దగ్గర ఉంటది. ఆగకముందు ఏం చేసిండ్రో చెప్తే పది నిమిషాల పని," అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నా మిషను చెడిపోయింది, డబ్బులిచ్చి పిలిపించాను, తిరిగి నన్నే నేరస్తుడిలా నిలదీయడమేమిటి?

కానీ ఆ పద్ధతి పనిచేసేది. ఎదురు దుకాణం యాదగిరి అన్న సంగతి చెబుతాను. ఆయనదీ నాదీ ఒకే వ్యాపారం. డీటీపీ అనేవాళ్లం, అంటే పెళ్లి కార్డులు, కరపత్రాలు, పోస్టర్లు కంప్యూటర్ మీద తయారుచేసి ప్రెస్సుకు పంపడం. ఒకసారి దసరా మర్నాడు యాదగిరి మిషను లేవలేదు. ఘడీ భాయ్ వచ్చి సాసరు అడిగి, మూత విప్పకముందే అడిగాడు: "ముందుగాల ఏం చేసిండ్రు?"

"ఏం చేయలే భాయ్. పండుగ గద, మిషన్ ముట్టనే లేదు," అన్నాడు యాదగిరి.

"ముట్టకుంట పూజ ఎట్ల చేసిండ్రు?"

యాదగిరి నాలిక కరుచుకున్నాడు. ఆయుధ పూజ చేసి, బొట్లు పెట్టి, మామిడాకుతో పసుపునీళ్లు చల్లాడట. ఎక్కడ చల్లావంటే, ముందర బొట్లు చెరిగిపోతాయని వెనకవైపు చల్లాడట. వెనకవైపే గాలి పోయే రంధ్రాలు ఉన్నాయి. ఘడీ భాయ్ నవ్వలేదు. మూత తీసి, బ్రష్షుతో దులిపి, టేబుల్ లైటు దగ్గరగా పెట్టి ఆరనిచ్చి, మిషనును లేపాడు. మూత బిగించబోతూ, "పూజ మంచిగ చేయుండ్రి అన్నా. నీళ్లు మాత్రం జర దూరంకెల్లి," అన్నాడు. ఆ తర్వాత పెన్సిల్ తీసి మూత లోపలివైపు సన్నగా తేదీ వేసి, "పూజ నీళ్లు" అని రాశాడు. తెలుగు అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నవి, ఒకటి పెద్దది ఒకటి చిన్నది.

అది గడియారాలవాళ్ల అలవాటట. చేతి గడియారం బాగుచేశాక వెనక మూత లోపల సూదితో ఒక గుర్తు, ఒక తేదీ గీకుతారు. తర్వాత ఎవరు విప్పినా అంతకుముందు ఏం జరిగిందో తెలియాలని. ఘడీ భాయ్ అదే పద్ధతి కంప్యూటర్లకూ పట్టించాడు. మా సందులో ఏ మిషను మూత తీసినా లోపల ఆయన పెన్సిల్ గీతలు ఉండేవి. ఒక్కో గీత మీద తేదీ, పక్కన కారణం. "ఫ్యాన్ల దారం." "ఫ్లాపీ మర్చిండ్రు." "బల్లి." కారణం తెలియకుండా మూత మూసేవాడు కాదు.

ఇప్పుడు తాళం సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు తెర మీద రావాలంటే ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కొనాలి, దానితో బొటనవేలంత ముక్క ఒకటి ఇచ్చేవాళ్లు. దాన్ని మిషను వెనక ప్రింటర్ తీగ పెట్టేచోట గుచ్చితేనే తెలుగు పనిచేసేది. అందరూ తాళం అనేవాళ్లు. ఖరీదైనది. నేనూ యాదగిరీ కలిసి ఒకటి కొన్నాం. పొద్దున నా దగ్గర, మధ్యాహ్నం నుంచి ఆయన దగ్గర. ఆ ఏర్పాటు ఘడీ భాయ్ చేసిందే. మా ఇద్దరి మధ్య కూర్చుని, "మాట మీద ఉండుండ్రి. లొల్లి అయితే నన్ను పిలుచుండ్రి," అన్నాడు. రెండేళ్లు ఒక్క లొల్లి కాలేదు. మధ్యాహ్నం అన్నం తిని యాదగిరి వచ్చేవాడు, నేను తాళం పీకి ఇచ్చేవాణ్ని, ఆయన చొక్కా జేబులో వేసుకుని వెళ్లేవాడు.

నాకు అది చాలలేదు. మధ్యాహ్నం పని వస్తే మర్నాటి దాకా ఆగాలి, నాకా ఆగడం చేతకాదు. ఒక పరిచయస్తుడు తాళం లేకుండానే తాళం ఉన్నట్టు మిషనును నమ్మించే ప్రోగ్రాం ఒకటి తెచ్చిచ్చాడు. వేసుకున్నాను. యాదగిరికి చెప్పలేదు. మధ్యాహ్నం మామూలుగానే తాళం పీకి ఇచ్చి, ఆయన గుమ్మం దాటగానే తెలుగులో టైపు చేసుకునేవాణ్ని. పెద్ద మోసమని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

ఆషాఢం వచ్చింది. మా సందు చివర అమ్మవారి గుడి బోనాల కమిటీ వాల్‌పోస్టర్ నాకు ఇచ్చింది. చూసేవాళ్లకు అది పోస్టర్, నాకు మూడు వారాల నరకం. కమిటీలో ఎవరి ఫోటో పైన ఉండాలి, ఎవరిది ఎవరి పక్కన, ఎవరి పేరుకు ముందు శ్రీ, ఎవరికి గౌరవనీయులు అని రోజూ నా గదిలో పంచాయితీ. అధ్యక్షుడు మల్లేశం వచ్చి ఒక ఫోటో పెంచమనేవాడు, అతను పోగానే ఇంకొకడు వచ్చి తగ్గించమనేవాడు. చివరికి అందరూ కలిసి వచ్చి, నా కుర్చీ వెనక నిలబడి, ఒక వరసకు ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం కాగితం మీద లేదు, నా మిషనులోనే ఉంది. ఫోటోలతో కలిపి ఫైలు బరువైపోయి ఫ్లాపీల్లో పట్టలేదు.

కొత్తగా కొన్న స్కానర్ పాత సిస్టమ్ మీద పనిచేయనని మొరాయించింది. కొత్త సిస్టమ్ వేయాలి. ఘడీ భాయ్ వద్దన్నాడు. "బోనాలైనంక వేద్దాం సాబ్. పని నడుస్తుంటే మిషన్ కదపొద్దు," అన్నాడు. నేను వినలేదు. ఒక పూట పనికి ఇంత భయమేంటని ఎగతాళి చేశాను. ఆయన భూతద్దం సర్దుకుని, సీడీ పెట్టే ముందు అడిగాడు.

"మిషన్ల బయటి ప్రోగ్రాములు ఏమన్న వేసిండ్రా? ముందుగాల ఏం చేసిండ్రు?"

"ఏమీ లేదు భాయ్. కానివ్వండి," అన్నాను.

అంతా కాపీ అయ్యాక మిషను రీస్టార్ట్ అయింది. మేం చేతులు వెనక్కి కట్టుకున్నాం. కింద ఒక నీలం గీత పరుగులు పెట్టింది, తర్వాత తెర నల్లబడింది. మళ్లీ మొదటి నుంచి మొదలైంది, నీలం గీత, నలుపు. ఘడీ భాయ్ చెవి ఆనించాడు. చప్పుడు లేదు.

ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి నుంచీ ఆయన చేయని పని లేదు. లోపలి ముక్కలు ఒక్కొక్కటిగా తీసి రబ్బరుతో తుడిచి పెట్టాడు. స్కానర్, ప్రింటర్, అన్నీ పీకేశాడు. తీగలు మార్చాడు. ప్రతిసారీ రీస్టార్ట్, ప్రతిసారీ చేతులు వెనక్కి, ప్రతిసారీ అదే నలుపు. నా ఓపిక ఎప్పుడో చచ్చింది. పోస్టర్ మర్నాడు పొద్దున ప్రెస్సుకు వెళ్లాలి. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మీవల్ల కాకపోతే చెప్పండి ఇంకొకణ్ని పిలుస్తానని కూడా అన్నాను. ఆయన తలెత్తలేదు. సాసర్లో స్క్రూలు, పక్కన చాయ్, దాని మీద మీగడ.

రెండోరోజు మధ్యాహ్నం మిషనును సేఫ్ మోడ్‌లో లేపాడు. అంటే అవసరమైనవి తప్ప మిగతావేవీ లేవకుండా లేపడం. లేచింది! నేను కేక వేశాను. ఆయన మాత్రం మెల్లగా అన్నాడు: "సేఫ్ల లేస్తది, మామూలుగ లేస్తలేదు. అంటే మధ్యల ఎవడో అడ్డం కూసున్నడు. ఎవణ్ని కూసోబెట్టిండ్రు సాబ్? యాద్ చేసుకోండ్రి."

అప్పుడు నాకు వెలిగింది. నేను చెప్పకుండా వేసుకున్న ఆ దొంగ తాళం ప్రోగ్రాం. మిషను లేచేటప్పుడు అన్నిటికంటే ముందు లేచేది అదే. చెబుదామని నోరు తెరిచాను, ఒట్టేసి చెబుతున్నాను, తెరిచాను. సరిగ్గా అప్పుడే యాదగిరి గుమ్మంలోకి వచ్చాడు. తన మధ్యాహ్నపు వంతు తాళం అరచేతిలో పట్టుకుని ఉన్నాడు.

"తమ్మీ, మిషన్ లేస్తే పోస్టర్ పని రాత్రి దాంక ఉంటది గద. ఇయ్యాల తాళం నీ కాడనే ఉంచుకో. నా పని రేపు చూసుకుంట," అన్నాడు.

"ఎవర్నీ కూర్చోబెట్టలేదు భాయ్," అన్నాను ఘడీ భాయ్‌తో.

సాయంత్రపు అసర్ నమాజుకు వెళ్లొస్తానని ఆయన చెప్పులు వేసుకున్నాడు. మిషను సేఫ్ మోడ్‌లో అలాగే ఉంది. యాదగిరి కూడా వెళ్లిపోయాడు. ఇదే అదననుకుని కూర్చుని దొంగ తాళం కోసం వెతికాను. దొరికింది. చెరిపేశాను. దాని చుట్టుపక్కల అనుమానంగా కనిపించినవన్నీ చెరిపేశాను. నాకు తెలిసిన విద్య అంతే. రీస్టార్ట్ చేశాను. ఈసారి సేఫ్ మోడ్ కూడా లేవలేదు.

ఆయన తిరిగొచ్చి తెర చూశాడు. చెవి ఆనించాడు. లేచాడు. "నేను పోయినంక ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

"లేదు. దానంతటదే ఆగింది."

సాయంత్రం కమిటీవాళ్లు పోస్టర్ చూసుకోవడానికి వచ్చారు. సంగతి తెలియగానే మల్లేశం అంతెత్తున లేచాడు. "మూడు వారాల కష్టం అన్నా! మళ్ల అందరిని ఒక్కదగ్గర కూసోబెట్టాలంటే బోనాలు అయిపోతయి. ఎవడు ఖరాబ్ చేసిండు?" అని అరిచాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. మూత విప్పిన మిషను ముందు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో కూర్చున్న మనిషి ఒక్కడే కదా. అందరూ అటే చూశారు.

"ఏంది భాయ్, రాకపోతే రాదని చెప్పాలె గని గిట్ల చేస్తరా?" అన్నాడు మల్లేశం.

సందంతా గుమిగూడింది. వెనక నిలబడ్డవాళ్లలో ఒకతను మెల్లగా, అందరికీ వినపడేటంత మెల్లగా అన్నాడు: "అమ్మవారి పోస్టర్ గద. కావాల్ననే చేసిండేమో."

మల్లేశమే వెనక్కి తిరిగి, "నోర్ముయ్‌రా" అన్నాడు. కానీ అన్న మాట అనేశాడు, విన్నవాళ్లు విన్నారు. ఇన్నేళ్లు ఆ సందులో ప్రతి ఇంటి గడియారం, ప్రతి దుకాణం మిషను ముట్టిన మనిషిని అంత మాట అన్నారు. ఒక్క వాక్యం చాలు ఆయన్ని కాపాడడానికి. ఆ వాక్యం నా దగ్గరే ఉంది. నేను టేబుల్ మీద కాగితాలు సర్దుతూ నిలబడ్డాను.

ఘడీ భాయ్ లేచాడు. "నా చేతుల్ల ఆగింది. జిమ్మేదారి నాది," అన్నాడు. "పోస్టర్ పొద్దుగాల ఇస్త. పోండ్రి."

వాళ్లు పోయాక ఆయన నా మిషను లోపలి డిస్కు విప్పి, రుమాల్లో చుట్టి, ఎదురు దుకాణానికి నడిచాడు. దాన్ని యాదగిరి మిషనుకు రెండో డిస్కుగా తగిలించాడు. నా ఫైళ్లన్నీ తెర మీద వరసగా కనిపించాయి. ఆయన వేలితో కాక పెన్సిల్ మొనతో తెర మీద చూపిస్తూ కిందికి దిగుతున్నాడు, పోస్టర్ ఎక్కడుందో వెతుకుతూ. ఒకచోట పెన్సిల్ ఆగింది. నేను చెరిపాననుకున్న దొంగ తాళం ముక్క ఒకటి అక్కడే మిగిలిపోయింది, పేరులోనే లాక్ అని ఉంది. ఆయన దాన్ని చదివాడు. తల కాస్త తిప్పి నన్ను చూశాడు. ఆయన చదవడం నేను చూశానని ఆయనకు తెలిసింది. పక్కనే యాదగిరి ప్రింటర్లో కాగితాలు పెడుతున్నాడు. పెన్సిల్ కిందికి కదిలింది. "పోస్టర్ దొరికింది," అన్నాడు ఘడీ భాయ్.

మర్నాడు పోస్టర్ ప్రెస్సుకు వెళ్లింది. యాదగిరి కాపాడాడని సందంతా చెప్పుకున్నారు. కాదు, భాయే తీశాడని యాదగిరి అంటే, పాడు చేసినవాడే బాగుచేశాడు, అందులో గొప్పేముందన్నారు. ఆయన నా మిషనుకు అన్నీ కొత్తగా వేసి, అందులో దొంగ తాళం లేకుండా, లేపి ఇచ్చాడు. స్క్రూలు బిగించాడు. మూత లోపల పెన్సిల్‌తో తేదీ వేశాడు. పక్కన కారణం రాయాల్సిన చోట పెన్సిల్ మొన ఆనించి కాసేపు ఆగాడు. రాయలేదు. అలాగే మూసేశాడు. ఆ రోజు చాయ్ తాగలేదు.

ఆ తర్వాత ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారు. చెప్పులు విప్పి సాసరు అడిగే మనిషి మా సందులో కనిపించడం మానేశాడు. నేనూ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవను?

రెండేళ్ల తర్వాత ఒకరోజు అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు కనిపించాడు. ఫుట్‌పాత్ మీద బెల్టులు అమ్మే అతని పక్కన చిన్న బల్ల, దాని మీద అద్దాల పెట్టె, లోపల నాలుగు గడియారాలు. భూతద్దం ఇప్పుడు కంటి మీదకు దిగి ఉంది. తప్పించుకుని పోదామనుకున్నాను, ఆయన చూసేశాడు. "సలాం సాబ్. గడియారం నడుస్తున్నదా?" అన్నాడు. నడవడం లేదు. నా చేతి మీద ఎన్నాళ్లుగానో ఆగిపోయే ఉంది. విప్పి ఇచ్చాను. దానికీ అడిగాడు: "ఆగకముందు యాడన్న తగిలిందా? నీళ్లల్ల పడ్డదా?" చెప్పాను. బాగుచేసి, మూత లోపల సూదితో తేదీ గీకి, బిగించి, నా చేతికే కట్టాడు. కడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"సాబ్, గా దినం. ముందుగాల ఏమన్న చేసిండ్రా?"

గొంతులో కోపం లేదు. నేను నిజం చెబుదామనుకుంటే అది ఆయన నా చేతికిచ్చిన ఆఖరి అవకాశం. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు. అక్కడ యాదగిరి లేడు, కమిటీ లేదు. వినేవాడు బెల్టుల అతను ఒక్కడే.

"ఏం లేదు భాయ్," అన్నాను.

ఆయన తల ఊపాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే వేరే గడియారం తీసుకుని భూతద్దం దించుకుంటున్నాడు. ఆ తర్వాత ఒకసారి మనసు గట్టి చేసుకుని వెళితే బల్ల లేదు. "పెద్దాయన రంజాన్ కన్నా ముందే కాలం చేసిండు," అన్నాడు బెల్టుల అతను, ఒక బెల్టుకు కన్నం వేస్తూ.

సర్వీసు అమ్మాయి మాట్లాడుతుండగా నేను ఫోన్ పెట్టేశాక రెండు రోజులు ఆగాను. ఆదివారం పాత మిషనును అటక మీద నుంచి దించి, మూత ఒక్కటే విప్పి, న్యూస్ పేపర్లో చుట్టుకుని శాలిబండ వెళ్లాను. యాదగిరి అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు తాళాలు అక్కర్లేదు, ఫ్లెక్సీలు వేస్తున్నాడు. నన్ను చూసి సంబరపడి చాయ్ చెప్పాడు. చాయ్ రాకముందే చెప్పేశాను. దొంగ తాళం, సేఫ్ మోడ్, నమాజు సమయంలో నేను చేసింది, అఫ్జల్‌గంజ్, అన్నీ. పేపర్ విప్పి మూత ఆయన ముందు పెట్టాను. పెన్సిల్ గీతలు ఇంకా చెరగలేదు. అన్నిటికీ కారణం ఉంది. చివరి తేదీ పక్కన ఖాళీ.

ఆయన మూతను వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తాళం దినమంత ఉంచుకుంట అని అడిగితే నేను వద్దంటుంటినా తమ్మీ?" అన్నాడు.

"తెలుసు అన్నా."

"తాళం సంగతి పోనీ. నేనూ గాయననే ఖరాబ్ చేసిండనుకున్న. నా మిషన్ ఆగితే వేరేటోణ్ని పిలిచిన. గాయన ఈ సందుల నుంచి పోతుంటే షట్టర్ దిక్కు తిరిగి నిలబడేటోణ్ని. సలాం చేస్తడేమో, జవాబు చెప్పాలె గద అని. మూడు నెలలు గట్లనే తిరిగిన. అటెన్క ఆయనే ఇటుదిక్కు వచ్చుడు బంద్ చేసిండు." మూత లోపలి ఖాళీ మీద వేలు పెట్టాడు. "గిండ్ల నీది రాస్తవు సరే. నాది ఎవరు రాయాలె?"

చాయ్ వచ్చింది. ఇద్దరం ముట్టలేదు.

"పెన్సిల్ ఉందా అన్నా?" అని అడిగాను.

"ఉంది," అన్నాడు యాదగిరి. ఇవ్వలేదు.